బాస్కెట్‌బాల్ చరిత్రలో మనోళ్లు: కళ్లు తడిసిన నాలుగు సందర్భాలు

  పోస్టు కొంచెం పెద్దది. మెస్‌లో తిని వచ్చాక తీరిగ్గా చదవండి.

ఏ బాస్కెట్‌బాల్ ఫ్యాన్‌ని అడిగినా మర్చిపోలేని రోజులు కొన్ని చెప్తారు. 1998లో మైకేల్ జోర్డాన్ ఆఖరి షాట్. 2016లో క్లీవ్‌లాండ్ గెలిచాక లెబ్రాన్ జేమ్స్ నేల మీద పడి ఏడవడం. 2020 జనవరి 26, మనకి రిపబ్లిక్ డే అర్ధరాత్రి దాటాక, కోబీ బ్రయంట్ హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడన్న వార్త. ఇవన్నీ నిజమే, నాకూ గుర్తే. కానీ ఆదివాసీ పిల్లలం, తండా పిల్లలం ఈ ఆట చూస్తే మనకి వేరే లిస్టు ఒకటి తయారవుతుంది. అది టీవీలో ఎవరూ చెప్పరు. ఆ లిస్టు ఈ రోజు చెప్పుకుందాం.

మనకీ ఈ ఆటకీ సంబంధమేంటని కొందరు అడుగుతారు. మన గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివినోళ్లకి తెలుసు. గ్రౌండ్‌లో ఒక ఇనుప స్తంభం, దానికి చెక్క బోర్డు, నెట్ లేని రింగు. అక్కడ నేర్చుకున్న ఆట హైదరాబాద్ వచ్చాక ఫోన్‌లో చూసే ఆట అయింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, సరూర్‌నగర్ హాస్టళ్లలో ఒక్కో రూములో నలుగురు ఉంటాం. ఒకరు గ్రూప్స్, ఒకరు డీఎస్సీ, ఒకరు కానిస్టేబుల్. అమెరికాలో రాత్రి ఆడే మ్యాచ్ మనకి పొద్దున్నే వస్తుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి వీఎం హోం గ్రౌండ్‌లో పరిగెత్తి వచ్చేవాడు, క్లాసుకి బయల్దేరేవాడు, మధ్యలో ఒక ఫోన్ చుట్టూ కూర్చుంటారు. మన దగ్గర ఫ్యాన్ అంటే ఇంతే. జెర్సీలుండవు, టికెట్లుండవు.

ఆ వీఎం హోం పేరు కూడా గుర్తు పెట్టుకోండి. విక్టోరియా మెమోరియల్. మెట్రో స్టేషన్‌కి కూడా అదే పేరు. ఆ రాణి పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

మొదటి సందర్భం: 1904, సెయింట్ లూయిస్

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబర్‌లో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో కుర్రాళ్లని లోపల ఆడించడానికి పీచ్ పళ్ల బుట్టలు రెండు పైన కట్టి, 13 రూల్స్ రాశాడు. ఇదంతా జీకే పుస్తకాల్లో ఉంటుంది. లేనిది ఏంటంటే, పదమూడేళ్లకే ఈ ఆటలో ప్రపంచ చాంపియన్లు అనిపించుకున్నది ఆదివాసీ అమ్మాయిలు.

అప్పట్లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి బోర్డింగ్ స్కూళ్లలో పెట్టేది. 1879లో పెట్టిన కార్లైల్ స్కూల్‌తో ఇది పెద్ద ఎత్తున మొదలైంది. జుట్టు కత్తిరించేవారు, పేరు మార్చేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. పిల్లల్లోంచి ఆదివాసీని తీసేయడమే ఆ చదువు ఉద్దేశం. మోంటానాలో ఒక పాత మిలిటరీ కోటలో పెట్టిన ఫోర్ట్ షా స్కూల్ అలాంటిదే. అక్కడికి వేరే వేరే తెగల అమ్మాయిలు వచ్చారు. భాషలు వేరు, ఊళ్లు వేరు. వాళ్లని కలిపింది బాస్కెట్‌బాల్. మిన్నీ బర్టన్, బెల్లె జాన్సన్, నెటీ వర్త్, జెనీ బుచ్, ఎమ్మా సాన్సావర్... మొత్తం పది మంది.

1904లో సెయింట్ లూయిస్‌లో పెద్ద ప్రపంచ ఎగ్జిబిషన్ జరిగింది. అక్కడ ఆదివాసీలని జూలో లాగా చూపించారు. ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన ఇగొరోట్ల కోసం ఊరే కట్టారు. ముసలివాడైన అపాచీ వీరుడు జెరోనిమోని కూడా తెచ్చి కూర్చోబెట్టారు. ఫోర్ట్ షా అమ్మాయిల్ని కూడా అక్కడి మోడల్ స్కూల్‌లో జనం చూడ్డానికే పెట్టారు. ఆగస్టులో రెండు రోజులు ఇంకో తమాషా జరిగింది. ఎగ్జిబిషన్‌కి తెచ్చిన ఆదివాసీ మగవాళ్లకి ట్రైనింగ్ ఏమీ లేకుండా, రూల్స్ సరిగా చెప్పకుండా పరుగు పందేలు, విసిరే పందేలు పెట్టారు. వచ్చిన ఫలితాలు చూపించి, చూడండి వీళ్లు తక్కువ జాతి అని రాసుకున్నారు.

అదే ఎగ్జిబిషన్‌లో, అదే ఏడాది, ఈ అమ్మాయిలు సెయింట్ లూయిస్ ఆల్‌స్టార్స్ టీంతో మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడారు. మొదటిది 24-2. రెండోది 17-6. మూడోది ఆడాల్సిన అవసరమే రాలేదు. వెండి కప్పు తీసుకుని ఇంటికి పోయారు.

నేను ఈ స్కోరు మొదటిసారి చదివినప్పుడు 24-2 అనే అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒక పక్క మా వాళ్లకి పరిగెత్తడం రాదని రుజువు చేసే పందేలు. ఇంకో పక్క ఆడటం నేర్పితే, రూల్స్ చెప్తే, బూట్లు ఇస్తే ఏమవుతుందో చూపించిన స్కోరు. తేడా రక్తంలో లేదు, అవకాశంలో ఉంది. ఎన్ని పుస్తకాలు రాసినా ఇంత చిన్నగా చెప్పలేం.

ఫోర్ట్ షా స్కూల్ 1910లో మూసేశారు. ఆ అమ్మాయిలు పెళ్లిళ్లు చేసుకుని ఊళ్లకి పోయారు, జనం మర్చిపోయారు. వంద ఏళ్ల తర్వాత, 2004లో, అక్కడ వాళ్ల పేరు మీద స్మారకం కట్టారు. ఇక్కడ మన చరిత్ర కూడా ఒకసారి తలుచుకోవాలి. 1940లలో మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ హయాంలో గోండు పిల్లలకి గోండి భాషలోనే వాచకాలు చేసి చదువు చెప్పారు. బడి అంటే భాష తీసేసే చోటు కానక్కర్లేదని అప్పుడే తేలింది. ఫోర్ట్ షా పిల్లలకి ఆ అదృష్టం లేదు. వాళ్లకి మిగిలింది బంతి ఒక్కటే.

రెండో సందర్భం: 2014 జూన్

ప్యాటీ మిల్స్ పేరు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఎత్తు ఆరడుగుల పైన కొంచెం. ఆ ఆటలో అది పొట్టి కింద లెక్క. 2009 డ్రాఫ్ట్‌లో 55వ నంబర్, అంటే దాదాపు చివర. ఆస్ట్రేలియా వాడు. తండ్రి టోరెస్ స్ట్రెయిట్ దీవుల మనిషి, తల్లి అబోరిజినల్. తల్లిని చిన్నప్పుడే ప్రభుత్వం కన్నతల్లి నుంచి తీసుకుపోయింది. అక్కడ అలా పోయిన పిల్లల్ని దొంగిలించబడిన తరాలు అంటారు. పెద్దయ్యాక ఆ తల్లీ తండ్రీ కలిసి కాన్‌బెర్రాలో ఆదివాసీ పిల్లల కోసం షాడోస్ అని ఒక బాస్కెట్‌బాల్ క్లబ్ నడిపారు. ప్యాటీ ఆట మొదలుపెట్టింది అందులోనే.

ఇప్పుడు ఎడీ మాబో గురించి చెప్పాలి. ఈయన ప్యాటీకి తాత వరస. టోరెస్ స్ట్రెయిట్‌లో మెర్ అనే చిన్న దీవి వాళ్లది. 1879లో, విక్టోరియా రాణి కాలంలో, క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం ఆ దీవుల్ని కలిపేసుకుంది. మన మెట్రో స్టేషన్ మీద ఉన్న పేరు అదే రాణిది. మాబో ఒక యూనివర్సిటీలో తోటమాలి. అక్కడి చరిత్ర లెక్చరర్లతో మాటల్లో ఒకరోజు తెలిసింది: నువ్వు నీదనుకునే భూమి కాగితం మీద నీది కాదు, రాజ్యానిది అని. ఆయన నమ్మలేకపోయాడు. 1982లో కేసు వేశారు. పదేళ్లు నడిచింది. తీర్పు రాకముందే, 1992 జనవరిలో, మాబో చనిపోయాడు. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు, అది అక్కడ అన్నింటికన్నా పెద్ద కోర్టు, తీర్పు ఇచ్చింది: తెల్లవాళ్లు వచ్చేనాటికి ఆ నేల ఎవరికీ చెందనిది అన్న మాట అబద్ధం, ఆ భూమికి మనుషులున్నారు, వాళ్లకి హక్కుంది. ఆ రోజుని అక్కడ మాబో డే అంటారు.

2014 జూన్ 3. ప్యాటీ ఆడే శాన్ ఆంటోనియో స్పర్స్ టీం ఫైనల్స్‌కి రెడీ అవుతోంది. అంతకు ముందు ఏడాది మయామీ చేతిలో గెలుపు అంచు దాకా వచ్చి ఓడిపోయిన టీం అది. మళ్లీ అదే మయామీ. ఆ రోజు మీటింగ్‌లో కోచ్ గ్రెగ్ పోపోవిచ్ మయామీ వీడియోలతో మొదలుపెట్టలేదు. ఎడీ మాబో ఫోటోలు చూపించి, ఆ రోజు ఏంటో, ఆ మనిషి ఎవరో, మీ పక్కన కూర్చున్న ప్యాటీకి ఏమవుతాడో టీం మొత్తానికి చెప్పాడు. ఫైనల్స్‌కి రెండు రోజుల ముందు!

జూన్ 15న ఐదో మ్యాచ్. మనకి జూన్ 16 పొద్దున ఐదున్నర. దిల్‌సుఖ్‌నగర్‌లో మా హాస్టల్ కింద టీవీ ఉండేది, సోనీ సిక్స్‌లో వచ్చింది. మూడో క్వార్టర్‌లో ప్యాటీ వరసగా బయట్నుంచి వేస్తూనే ఉన్నాడు. ఆ ఒక్క క్వార్టర్‌లో 14, మొత్తం 17 పాయింట్లు. 104-87. కప్పు స్పర్స్‌ది. సంబరాల్లో ప్యాటీ భుజాల మీద జెండా చూశాం. ఆస్ట్రేలియా జెండా కాదు, ఆకుపచ్చ, నీలం రంగులతో మధ్యలో తెల్లటి తలపాగా గుర్తున్న జెండా. టోరెస్ స్ట్రెయిట్ జెండా.

ఆ వారం మన దగ్గర ఏం జరుగుతోందో గుర్తుందా? మే 25న మలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, మన గురుకులం పిల్ల. జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో, శ్రీకాంతాచారి 2009 నవంబర్ 29న ఒంటికి నిప్పంటించుకున్న చోట, పూలు, డప్పులు, రంగులు. ఆ రెండింటి మధ్యలో, మే 29న, ఇంకోటి జరిగింది. పోలవరం కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు... కోయ ఊళ్లు, కొండరెడ్డి ఊళ్లు. మా మేనమామ వాళ్లది కూనవరం వైపు. అందరూ పండగ చేసుకుంటుంటే మా మామ ఫోన్‌లో ఒక్కటే అడిగాడు: "ఒరే అల్లుడూ, ఇప్పుడు మేం ఏ రాష్ట్రం రా?"

కాబట్టి జూన్ 16 పొద్దున నా కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో పక్కోడికి అర్థం కాలేదు. స్పర్స్ గెలిచినందుకు అనుకున్నాడు. ఒక కోచ్, కోట్ల డాలర్ల ఆటలో, ఫైనల్స్ ముందు టైం తీసుకుని ఒక ఆదివాసీ తాత భూమి కథ చెప్పాడు. మన ఊళ్ల పేర్లు మాత్రం ఆ వారం ఎక్కడా సరిగా వినపడలేదు. నాకు ఆ రెండూ ఒకేసారి తగిలాయి.

మూడో సందర్భం: 2018 ఆగస్టు, స్టాండింగ్ రాక్

కైరీ అర్వింగ్ ఫ్యాన్లు గ్రూపులో చాలామందే ఉన్నారని తెలుసు. 2016 జూన్ 19న ఏడో మ్యాచ్‌లో స్టెఫ్ కరీ మీద నుంచి అతను వేసిన మూడు పాయింట్ల షాట్ ఎవరూ మర్చిపోరు. అతను పుట్టింది మెల్‌బోర్న్‌లో, 1992 మార్చిలో. అంటే మాబో తీర్పు రావడానికి పది వారాల ముందు, అదే దేశంలో. తల్లి ఎలిజబెత్ స్టాండింగ్ రాక్ సూ తెగలో పుట్టింది. చిన్నప్పుడే వేరే వాళ్లకి దత్తత పోయింది. కైరీకి నాలుగేళ్లప్పుడు ఆమె చనిపోయింది. దాంతో అతనికి తల్లి వైపు చుట్టాలు ఎవరో తెలియకుండానే పెరిగాడు.

2016లో స్టాండింగ్ రాక్ వాళ్లు తమ నీళ్ల దగ్గర ఆయిల్ పైప్‌లైన్ వద్దని పెద్ద పోరాటం చేశారు. కైరీ వాళ్ల వైపు మాట్లాడాడు. 2018 ఆగస్టులో తెగ అతన్ని పిలిచింది. డప్పులు, పాటలు, ఈకలు, కంబళి. పెద్దవాళ్లు అతనికి తమ భాషలో పేరు పెట్టారు. చిన్న కొండ అని దాని అర్థం.

ప్రపంచం మొత్తానికి తెలిసిన మనిషి తల వంచి ఒక పేరు తీసుకోవడం చూస్తే, మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పెట్టిన పేరు ఒకటి, స్కూల్ రిజిస్టర్‌లో టీచర్ రాసిన పేరు ఇంకోటి ఉండటం గుర్తొస్తుంది. మనలో ఎంతమందికి రెండు పేర్లు లేవు చెప్పండి! ఫోర్ట్ షాలో పేరు తీసేశారు. స్టాండింగ్ రాక్‌లో పేరు తిరిగి ఇచ్చారు. మధ్యలో నూట పద్నాలుగేళ్లు.

నాలుగో సందర్భం: 2021 ఆగస్టు 7, టోక్యో

ఆస్ట్రేలియా మగవాళ్ల టీం ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం నాలుగు సార్లు ఆడి నాలుగు సార్లూ ఓడింది: 1988, 1996, 2000, 2016. ఆఖరిసారి స్పెయిన్ చేతిలో ఒక్క పాయింట్ తేడా. అంతకు చాలా ముందు, 1964 టోక్యోలో, మైకేల్ ఆ మాట్ అనే అబోరిజినల్ కుర్రాడు ఆ దేశానికి బాస్కెట్‌బాల్ ఆడాడు. ఆ దేశం నుంచి ఒలింపిక్స్‌కి పోయిన మొదటి ఆదివాసీల్లో ఒకడు. అప్పటికి అతని జనాన్ని దేశ జనాభా లెక్కలో కలపడానికి రాజ్యాంగమే ఒప్పుకోదు. అది మారింది 1967లో. 1980 మాస్కోలో ప్యాటీకి మామ వరసైన డానీ మోర్సో ఆడాడు. మన ఇండియా మగవాళ్ల టీం ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడింది కూడా ఆ ఒక్కసారే. 12వ స్థానం వచ్చింది.

2021లో మళ్లీ టోక్యో. ప్రారంభ వేడుకలో ఆస్ట్రేలియా జెండా పట్టుకున్న ఇద్దరిలో ఒకడు ప్యాటీ మిల్స్. ఒక ఆదివాసీ ఆ జెండా పట్టుకోవడం అదే మొదలు. ఆగస్టు 7 సాయంత్రం నాలుగున్నరకి స్లోవేనియాతో కాంస్య పతకం మ్యాచ్.

ఆ టైం గుర్తొచ్చిందా? అదే సాయంత్రం, అదే నాలుగున్నరకి, నీరజ్ చోప్రా జావెలిన్ ఫైనల్. హాస్టల్ మొత్తం నీరజ్ ముందు ఉంది. నేనూ అక్కడే, చెవిలో ఒక ఇయర్‌ఫోన్, చేతిలో ఫోన్‌లో బాస్కెట్‌బాల్. నీరజ్ 87.58 మీటర్లు విసిరాడు, హాల్ దద్దరిల్లింది. ఇటు ప్యాటీ ఆగట్లేదు. 20, 30, 40. ఆఖరికి 42 పాయింట్లు. 107-93. మ్యాచ్ అయ్యాక ప్యాటీ, జో ఇంగ్లిస్ ఒకర్నొకరు పట్టుకుని వదల్లేదు. ఇద్దరూ ఏడుస్తున్నారు. "అన్నా, నీరజ్ గోల్డ్ కొడితే ఫోన్ చూసి ఏడుస్తావేంది" అని రూమ్మేట్ తమ్ముడు నవ్వాడు. రెండింటికీ ఏడ్చాను రా అని చెప్పాను.

అంతకు ముందు రోజు, ఆగస్టు 6న, మన అమ్మాయిల హాకీ టీం 3-4తో కాంస్యం పోగొట్టుకుంది. ఆ టీంలో జార్ఖండ్ ఆదివాసీ అమ్మాయిలు నిక్కీ ప్రధాన్, సలీమా టేటే ఉన్నారు. రెండు రోజుల తర్వాత ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం. నాలుగు రోజుల్లో ఇంత జరిగింది. 1928లో ఆంస్టర్‌డాంలో ఇండియా హాకీ టీంకి కెప్టెన్ అయిన జైపాల్ సింగ్ ముండా, ఆ తర్వాత రాజ్యాంగ సభలో నిలబడి ఆదివాసీల తరఫున మాట్లాడిన జైపాల్ సింగ్ ముండా, ఆ వారం బతికుంటే ఎలా చూసేవాడో అనిపించింది.

ఇక అసలు మాట

ఈ నాలుగు కథల్లో బంతి పైకి కనపడుతుంది. కింద ఉన్నది భూమి, పిల్లలు, పేరు. ఫోర్ట్ షా అమ్మాయిల్ని ఇంటి నుంచి తీసుకుపోయారు. ప్యాటీ తల్లిని తీసుకుపోయారు. కైరీ తల్లి పరాయి ఇంట్లో పెరిగింది. అయినా ఆట వాళ్లకి నలుగురిలో నిలబడే చోటు ఇచ్చింది. నిలబడ్డాక వాళ్లు తమ వాళ్ల కథ దాచుకోలేదు. అందుకే వాళ్ల గెలుపు మనకి కూడా తగులుతుంది.

మాబో తీర్పు 1992. మనకీ అలాంటిది ఒకటుంది: 1997 జూలై 11, సమత తీర్పు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద పుట్టిన కేసు. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదు, ఆ రూల్ ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్ట్రేలియాలో పిల్లలకి మాబో డే తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లో మనకి సమత తీర్పు ఒక బిట్టు. సంవత్సరం టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి పోతాం. 2020 ఏప్రిల్ 22న జీవో 3 కొట్టేసినప్పుడు డీఎస్సీ రాసే మన అన్నలు, అక్కలు ఎంత అల్లాడారో చూశాం. తీర్పులు మన జీవితాల్ని ఎలా తిప్పుతాయో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. ఈ జూలై 11న, ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మనోళ్లు ఉన్న ప్రతి హాస్టల్ రూములో ఒక్కరు, ఒక్క పది నిమిషాలు, సమత కేసు చెప్పాలి. బొర్రా ఎక్కడుంది, ఆ ఊళ్లోళ్లు ఎవరు, కేసు ఎలా నడిచింది. గిరిజనేతర రూమ్మేట్లు ఉంటే వాళ్లకి కూడా చెప్పండి. పోపోవిచ్ చెప్పింది కూడా మాబో ఎవరో తెలియని టీంకే కదా. తర్వాత కావాలంటే యూట్యూబ్‌లో ప్యాటీ మూడో క్వార్టర్ పెట్టుకుని అందరూ కలిసి చూడండి.

ఎవరు ఏ రూములో చెప్తారో కింద రాయండి. ముంపు మండలాల నుంచి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే మీ ఊరి పేరు కూడా రాయండి, ఆ పేర్లు ఇక్కడైనా ఉండాలి. నా వంతు: దిల్‌సుఖ్‌నగర్, రెండో అంతస్తు, రాత్రి భోజనాలయ్యాక.

జోహార్.